వెనక్కి ఎక్కిన కనుమ

"ఎవడి పిల్లని పంపావురా నా గుర్రానికి?"

పొద్దున్నే ఫోనెత్తగానే మా ఊల్కాన్ వదిన అన్న మొదటి మాట ఇది. సలాము లేదు, ఇంట్లో అందరూ ఎలా ఉన్నారని లేదు. నిజానికి వదినకి ఫోను అక్కర్లేదు. ఆవిడ కనుమ మీద నిలబడి అరిస్తే కింద మా ఊళ్ళో టీ కాచే సమోవార్ల మూతలు కదులుతాయి. ఏదో మర్యాద కోసం ఫోను చేస్తుందంతే.

"నీ పిల్లనే పంపాను వదినా. నల్లది, నుదుట తెల్ల చుక్క."

"చుక్క ఉంటే సరిపోతుందా? నా గుర్రం దాన్ని వాసన చూసి ఒక్క తన్ను తన్నింది. ఆ పిల్ల గుడారం చుట్టూ మూడుసార్లు పరిగెత్తి నా వెనక దాక్కుంది. ఏ వైపు నుంచి లెక్కపెట్టావు?"

తాగుతున్న టీ కింద పెట్టేశాను.

మా దగ్గర పాలు పితికే రోజుల్లో గుర్రప్పిల్లలన్నిటినీ నేల మీద పొడుగ్గా లాగిన ఒకే తాడుకి వరసగా కడతాం. తల్లులు ఎక్కడికీ పోకుండా అక్కడక్కడే మేస్తాయి. నిన్న ఊరి మందలు ఎగువ పచ్చికకి బయలుదేరాయి. వదిన గుడారం, మూటలు, వదినకున్న ఒకే ఒక్క పాలగుర్రం లారీ ఎక్కాయి. పిల్లని విప్పి తెచ్చే పని నాకు అప్పజెప్పింది. "ఏటి వైపు నుంచి మూడోది" అంది. తాడుకి ఆరు పిల్లలున్నాయి. నేను రోడ్డు వైపు నుంచి వచ్చాను కాబట్టి రోడ్డు వైపు నుంచి మూడు లెక్కపెట్టాను. లారీలో తల్లుల్ని వెనకా పిల్లల్ని ముందూ, మధ్యలో పలకలు అడ్డం పెట్టి ఎక్కించారు. అందుకే పైన దింపేదాకా ఆ తప్పు ఎవరికీ తెలియలేదు.

"ఒరేయ్ కచ్కిన్, విను" అంది వదిన. ఈసారి గొంతు తగ్గించింది. అరుపు కన్నా అదే నన్ను భయపెట్టింది. "పొదుగు రాయిలా ఉంది. పిల్ల మూతి పెట్టందే ఇది నా చేతికి ఒక్క బొట్టు చేపదు. ఈ మధ్యాహ్నం దాటిందంటే పాలు వెనక్కి తీసుకుంటుంది. తీసుకుందంటే ఇక ఈ ఏడాదికి రావు. మీ అన్న పోయాక నా వేసవంతా ఈ ఒక్క పొదుగు మీదే నడుస్తోందని నీకు తెలుసుగా."

తెలుసు. వదిన ఆ గుర్రం పాలు పులియబెట్టి, కుమిస్ చేసి రోడ్డు పక్కన అమ్ముతుంది. ఆ డబ్బుతోనే చలికాలం బొగ్గు, పిండి.

"మధ్యాహ్నం లోపు నీ పిల్ల నీ గుడారం ముందుంటుంది వదినా" అన్నాను. అనేశాక కిటికీలోంచి కొండ వైపు చూశాను. రాత్రంతా పైన వాన, వాన మీద తడి మంచు పడ్డాయి. నిన్న లారీ గలగలా ఎక్కిపోయిన దారి ఇవాళ జావ అయిపోయింది. పైగా ఆ లారీ అవతల వైపు నుంచి పట్నం వెళ్ళిపోయింది.

పరిగెత్తుకుంటూ తాడు దగ్గరికి వెళ్ళేసరికి మా పొరుగింటి సగిన్‌బాయ్ అన్న అక్కడే ఉన్నాడు. పచ్చికకి పంపకుండా ఊళ్ళోనే ఉంచిన తన గుర్రం, పిల్ల కనబడక, నిన్నట్నుంచి సకిలిస్తూనే ఉందట. వదిన పిల్ల తాడు దగ్గర కాళ్ళు వణికిస్తూ నిలబడి ఉంది. ఆవు పాలు సీసాతో పడితే పిల్ల ఉమ్మేసింది.

"నా పిల్లని దొంగిలించావట!" అన్నాడు సగిన్‌బాయ్.

"దొంగిలించలేదన్నా, లెక్క తప్పాను."

"మూడు దాకా లెక్క రానివాడికి నాలుగు చక్రాలెందుకురా? అందులోనూ పనిచేసేవి రెండే!"

అది నా బండి మీద ఎత్తిపొడుపు. ఇది రోజూ ఉండేదే. నాది కుడివైపు స్టీరింగున్న చిన్న జపాను బండి. గేర్లు చేత్తోనే మార్చాలి. ఇంజిను ఎంత చిన్నదంటే, ఒకసారి మా ఆవిడ దాని మీద గిన్నె బోర్లించి మర్చిపోతే మూడు రోజులు వెతుక్కున్నాను. అది ముందువైపు అడ్డంగా పడుకుని, ముందు చక్రాలనే తిప్పుతుంది.

సగిన్‌బాయ్‌ది రొట్టె వ్యాను. మా దేశమంతా దాన్ని అలాగే పిలుస్తారు, అచ్చం పొయ్యిలోంచి తీసిన రొట్టెలా ఉంటుంది కాబట్టి. సగిన్‌బాయ్ కూడా అలాగే ఉంటాడు. నూట ముప్పై కిలోలు. ఆయన వ్యాను దిగితే వ్యాను ఊపిరి పీల్చుకోవడం నేను చెవులారా విన్నాను.

"చూడు తమ్ముడూ" అన్నాడు, వదిన పిల్లని ఎత్తి వ్యానులో గడ్డి మీద పడుకోబెడుతూ. "నీ బండిని ముందు చక్రాలు లాగుతాయి, వెనకవి పిలవని చుట్టాల్లా వెంటపడతాయి. ఆ ముసలి టాక్సీలున్నాయే, వాటిని వెనక చక్రాలు తోస్తాయి, ముందువి వేలు పెట్టి దారి చూపిస్తాయంతే. నాది అలా కాదు. ఈ చిన్న కర్ర లాగానంటే నాలుగూ పనిలోకి దిగుతాయి. దీన్ని దింపి నా పిల్లని తెచ్చుకుంటాను, నువ్వు ఇంట్లో కూర్చుని టీ తాగు."

"నేనూ వస్తానన్నా. వదినకి పిండి బస్తా ఇవ్వాలి."

"నా బురద తింటూ రా" అన్నాడు.

బయలుదేరాం. ఏరు దాటేదాకా కంకర రోడ్డు, ఏ బాధా లేదు. కనుమ మొదలయ్యాక చూడాలి! ఏడు మలుపులు. ఆ వాలు ఎంత నిటారంటే, తలెత్తి పైకి చూస్తే మీ కల్పాక్ టోపీ జారి కింది ఊళ్ళో ఎవరో ఒకరి నెత్తి మీద సరిగ్గా కూర్చుంటుంది. మా మామయ్యకి రెండు టోపీలు అలాగే దొరికాయి.

ముందు రొట్టె వ్యాను రంకెలు వేస్తూ ఎక్కుతోంది. నేను బడిలో చదివింది తక్కువే గానీ ఇంజిను సంగతి నాకు తెలుసు. ఒక కుమిస్ గిన్నె చుట్టూ నలుగురు కూర్చున్నారనుకోండి. ఒకడు తాగుతాడు, ఒకడు గుటక వేస్తాడు, ఒకడు గొంతెత్తి పాడతాడు, ఒకడు త్రేన్చుతాడు. తర్వాత వంతు మారుతుంది. తాగినవాడు గుటక వేస్తాడు, గుటక వేసినవాడు పాడతాడు. నాలుగు సిలిండర్లంటే అంతే. పీల్చడం, నొక్కడం, పేలడం, ఊదడం. పాడేవాడే బండిని లాగేది, మిగతా ముగ్గురూ వాడి పాటకి సాయం. లారీ డీజిలుకైతే నిప్పురవ్వ కూడా అక్కర్లేదు. గాలిని నలిపి నలిపి కాక పుట్టిస్తుంది, దాంట్లో నూనె చిమ్మితే దానంతటదే భగ్గుమంటుంది.

కాకపోతే పైకెళ్ళేకొద్దీ గాలి పలచన. నా బండిలో ఓ చిన్న పెట్టె ఉంది, గాలి ఎంతుందో చూసి పెట్రోలు అంతే చిమ్మమంటుంది. సగిన్‌బాయ్ వ్యానుది పాతకాలం కార్బురేటర్. దానికి కొండా లోయా తేడా తెలియదు, ఊళ్ళో పోసినంతా పోస్తుంది. రెండో మలుపుకల్లా వ్యాను వెనక నల్లటి పొగ. నా అద్దం మీద మసి పేరుకుంది. అయినా ఆగలేదు, దాని బలం దానికుంది.

మూడో మలుపు దగ్గర ఆగింది.

ఇంజిను ఆగలేదు సుమండీ. ఎద్దులా అరుస్తోంది. వెనక చక్రాలు గిర్రున తిరిగి బురదని నా బండి మీదికి పారలతో పోసినట్టు పోస్తున్నాయి. వ్యాను మాత్రం మెల్లగా, సిగ్గుపడుతున్నట్టు, వెనక్కి జారుతోంది. అదృష్టం బాగుండి మలుపు దగ్గర వెడల్పు చోటుంది. అక్కడికి జారి పక్కకి ఒరిగి ఆగింది.

నేను దిగి పరిగెత్తాను. "అన్నా, కర్ర లాగావా?"

"లాగానురా! విరిగేదాకా లాగాను!"

"ఇంకోసారి తొక్కు, చూస్తాను."

తొక్కాడు. నేను బురదలో మోకాళ్ళ మీద కూర్చుని చూశాను. వెనక చక్రాలు పిచ్చెక్కినట్టు తిరుగుతున్నాయి. ముందు చక్రాలు మాత్రం సంతలో బేరం చూస్తున్న ముసలాళ్ళలా కదలకుండా నిలబడ్డాయి.

"అన్నా, నీ ముందు చక్రాలు తిరగట్లేదు."

"నోర్ముయ్."

"దిగి చూడు."

దిగాడు. వ్యాను ఊపిరి పీల్చుకుంది. ముందు చక్రం నడిమధ్య ఉండే మూతని నేను వేలితో తుడిచాను. ఈ పాత వ్యాన్లకి లోపల కర్ర లాగితే చాలదు. బయట ఆ మూత విప్పి, లోపలి బోల్టు తిప్పి చక్రాన్ని ఇరుసుకి తగిలించాలి. లేకపోతే ఇరుసు లోపల ఖాళీగా తిరుగుతుంది, చక్రానికి కబురే అందదు. సగిన్‌బాయ్ మూతలు రెండూ ఎర్రగా తుప్పు పట్టి ఉన్నాయి.

"వీటిని ఎప్పుడు విప్పావన్నా?"

సగిన్‌బాయ్ మీసం నిమిరాడు. "మూడేళ్ళ క్రితం... బజారులో ఒకడు, ఊడదీస్తే పెట్రోలు మిగులుతుందంటే..."

"మళ్ళీ తగిలించలేదా?"

"మర్చిపోయాను."

"అంటే మూడేళ్ళుగా నువ్వు కర్ర లాగడం, నాలుగు చక్రాలని మమ్మల్ని తిట్టడం..."

"ఇప్పుడా నవ్వడం? పానా ఇటివ్వు!"

పానా పెట్టి ఇద్దరం వేలాడాం. బోల్టు తల గుండ్రంగా అరిగిపోయింది గానీ కదల్లేదు. వ్యానులోంచి పిల్ల సన్నగా సకిలించింది. ఆ సకిలింపు సగంలో తెగిపోయింది. మా ఇద్దరికీ నవ్వు పోయింది.

"నీ డబ్బాలో ఎక్కించు" అన్నాడు సగిన్‌బాయ్, నా వైపు చూడకుండా.

వెనక సీట్లు మడిచి పిల్లని ఎక్కించాం. నాలుగు కాళ్ళూ మడత మంచంలా మడిస్తే గానీ పట్టలేదు. తలుపు వేసి, మొదటి గేరు వేసి, నాలుగో మలుపు వైపు దూకించాను. పది అడుగులు కూడా పోలేదు. ముందు చక్రాలు బాతు కాళ్ళలా నీళ్ళు కొట్టుకుంటూ ఉండిపోయాయి. పిల్ల బరువు వెనక, కొండ వాలుకి బండి బరువంతా వెనక. లాగాల్సిన చక్రాల మీద మాత్రం ఏమీ లేదు, గాల్లో తేలుతున్నాయి.

బ్రేకు తొక్కాను. బండి ఆగలేదు. వెనక్కి జారింది, పక్కకి తిరిగింది, ఇంకా తిరిగింది. ఒక క్షణం నాకు ఆకాశం, ఒక క్షణం లోయ, ఒక క్షణం నోరు తెరిచిన సగిన్‌బాయ్ కనిపించారు. తర్వాత ఆ వెడల్పు చోటుకే వచ్చి ఆగింది, ముక్కు కిందికి, తోక కొండ వైపుకి.

"బతికే ఉన్నావా?" అని అరిచాడు.

"ఉన్నాను!" బండిని అంచు నుంచి కాస్త వెనక్కి లాగుదామని రివర్సు వేసి మెల్లగా వదిలాను.

ఎక్కింది!

చక్రాలు ఒక్క చుట్టు కూడా వృథాగా తిరగలేదు. మేక రాతి మీద కాలు పెట్టినట్టు పట్టి పట్టి, నా బండి తోక ముందుకి పెట్టి కొండెక్కుతోంది!

"ఆగు, ఎటు పోతున్నావురా?"

"పైకి!"

"వెనక్కి తిరిగా?"

"ఇప్పుడు ఇంజిను కింద ఉందన్నా! కొండ బరువంతా జారి ముందు చక్రాల మీదే పడుతోంది. లాగే చక్రాలే తోసే చక్రాలయ్యాయి!" ఇంతకన్నా వివరంగా చెప్పే తీరిక లేదు. "కానీ ఇంకాస్త బరువు కావాలి. బానెట్ ఎక్కు!"

"నేనా? దీని మీదా?"

"మరి పిండి బస్తా ఒక్కటీ చాలుతుందా?"

బస్తాని నా పక్కన కాళ్ళ దగ్గర పెట్టాను. సగిన్‌బాయ్ బానెట్ ఎక్కాడు. అద్దం వైపు తిరిగి, మోకాళ్ళు మడిచి, ఒక చేత్తో అద్దం తుడిచే కర్రల దగ్గర అంచు పట్టుకుని, ఇంకో చెయ్యి కప్పు మీద వేశాడు. బండి ముక్కు నేలకి వంగింది. ముందు చక్రాలు బురదలోంచి అడుగునున్న రాయిని పట్టుకున్నాయి.

ఇప్పుడు ఇంకో చిక్కు. వెనక కిటికీ నిండా పిల్ల. ముందు అద్దం నిండా సగిన్‌బాయ్ పొట్ట, కోటు గుండీలు మూడు. నాకు దారే కనబడదు.

"నేను చూస్తాగా!" అని పైనుంచి అరిచాడు. "కప్పు మీద కుడి పక్క కొడితే నీ బండి తోక కుడికి తిప్పు. ఎడమ పక్క కొడితే ఎడమకి."

"రెండూ కొడితే?"

"రెండూ కొడితే దూకెయ్!"

అలా బయలుదేరాం. ధన్! కుడికి. ధన్ ధన్! ఇంకా కుడికి. నాలుగో మలుపు పోయింది. ఇంజిను కీచుమంటోంది. రివర్సు గేరు పొట్టిది, బండి నడిచేది మనిషి నడకే, ఇంజిను మాత్రం పరుగు పందెంలో ఉన్నట్టు తిరుగుతోంది. వేడి చూపించే ముల్లు పైకి పాకడం మొదలుపెట్టింది. ఆపి చల్లార్చుకుందామా అంటే, ఆ వాలులో ఆగినవాడు మళ్ళీ కదలడు. అందుకని లోపలి హీటరు పూర్తిగా తిప్పేశాను. ఇంజిను వేడి కొంత నా మీదికి రానిమ్మని. వచ్చింది చూడండి! కిటికీలు దించినా నా కనుబొమల మీద రొట్టె కాల్చుకోవచ్చు. ముల్లు మాత్రం దిగింది, వేలెడంత.

ఐదో మలుపులో ఫోను మోగింది. స్పీకరు నొక్కాను.

"ఎక్కడ చచ్చారు?" అంది వదిన.

"వస్తున్నాం వదినా! వెనక్కి వస్తున్నాం!"

"వెనక్కి వచ్చేస్తున్నారా? సిగ్గులేదట్రా మీ ఇద్దరికీ!"

"కాదు వదినా, పైకే, కానీ వెనక్కి..."

"తాగారా?"

ధన్! ధన్! ఎడమకి తిప్పుతూ ఫోను వదిలేశాను. అది బస్తా వెనక పడి అక్కడి నుంచే తిట్టుకుంటూ వచ్చింది.

ఆరో మలుపు దాటాక పిల్ల నా మెడ వెనక మూతి పెట్టింది. ఇందాకటిదాకా నా టోపీ నములుతోంది, నా చెవి నాకుతోంది. ఇప్పుడు ఏమీ చెయ్యలేదు. ఊరికే తల నా భుజం మీద వాల్చింది. బరువుగా, వెచ్చగా. ఆ బరువు నాకు నచ్చలేదు.

"అన్నా, పిల్ల సోలిపోతోంది!"

"అయితే తొక్కరా! ఏం దాచుకుంటున్నావు?"

"ముందేముంది?"

"కరిగిన మంచు. గుంట. పది గజాలు."

"లోతెంత?"

"దిగి కొలుస్తావా? తొక్కు!"

తొక్కాను. నా నలుగురు తాగుబోతులూ ఒకేసారి పాట అందుకున్నారా అన్నట్టు అరిచింది ఇంజిను. తోక గుంటలో దిగింది. నీళ్ళు రెండు వైపులా గోడల్లా లేచాయి. ఎంత ఎత్తుకంటే, ఆ నీళ్ళలోంచి ఒక చేప సగిన్‌బాయ్ కోటు జేబులో పడింది. కనుమ మీద చేపలుంటాయా అని అడగకండి, జేబులో ఉంది, నేను చూశాను. వెనక చక్రాలు గుంట దాటాయి. ముందు చక్రాలు దిగాయి. ఒక్కసారి జారాయి. సగిన్‌బాయ్ ఆ నూట ముప్పై కిలోలతో బానెట్ మీద ఒక్క గెంతు గెంతాడు.

పట్టుకుంది.

ఏడో మలుపు ఎలా దాటామో నాకు గుర్తులేదు. గాలి ఒక్కసారిగా చల్లగా తగిలింది, నేల సమం అయింది, గడ్డి వాసన, పొగ వాసన. పైన గుడారాల ముందు నిలబడ్డ ఆడవాళ్ళందరూ నోళ్ళ మీద చేతులేసుకుని చూస్తున్నారు. బండి వాళ్ళ వైపు తోకతో వస్తోంది, దాని ముక్కు మీద బురదలో ముంచి తీసిన ఒక మనిషి కప్పుని వాయిస్తున్నాడు. ఒక ముసలామె కుక్కని వదిలింది. కుక్క సగిన్‌బాయ్‌ని చూసి తిరిగి గుడారంలోకి పోయింది.

వదిన పరిగెత్తుకొచ్చి వెనక తలుపు లాగింది. పిల్లని రెండు చేతులా ఎత్తి నేల మీద నిలబెట్టింది. అది పడింది. మళ్ళీ నిలబెట్టింది. అవతల కట్టేసిన గుర్రం చెవులు నిక్కబొడుచుకుంది.

పిల్ల తడబడుతూ తల్లి దగ్గరికి వెళ్ళింది. గుర్రం వంగి వాసన చూసింది. ముక్కు చీదింది. చెవులు వెనక్కి పడ్డాయి. వెనక కాలు లేచింది.

"వద్దు, వద్దు!" అన్నాడు సగిన్‌బాయ్.

"పెట్రోలు కంపు" అంది వదిన పళ్ళ మధ్య నుంచి. "పొగ కంపు. నీ నాస్ పొగాకు కంపు. దాని బిడ్డ వాసన ఎక్కడుంది ఇందులో?"

అంటూనే గుర్రం పొట్ట కిందికి దూరింది. తంతుందేమో అని చూడలేదు. నిండిన పొదుగు చివర నిలిచిన నాలుగు బొట్లు అరచేతిలోకి తుడిచి, పిల్ల తోక మీద, వీపు మీద, నుదుటి చుక్క మీద పూసింది. మిగిలిన తడి గుర్రం ముక్కుకే రాసింది. పిల్లని తోసి దగ్గరికి జరిపింది.

గుర్రం మళ్ళీ వంగింది. ఈసారి తీరిగ్గా, తోక దగ్గర, పక్కటెముకల దగ్గర, మెడ దగ్గర. వెనక నా బండి కుతకుతలాడుతోంది, ఆవిర్లు కక్కుతోంది.

గుర్రం గొంతులోంచి ఒక చిన్న శబ్దం వచ్చింది. గట్టిగా కాదు, తనలో తను మాట్లాడుకున్నట్టు. పైకెత్తిన కాలు కిందికి దించింది. పిల్ల మూతి తడుముకుంటూ పోయి పొదుగు కింద ఆగింది. దాని తోక ఒక్కసారి అటూ ఇటూ ఊగింది.

వదిన చెంబు తెచ్చి అవతలి పక్క ఒక మోకాలి మీద కూర్చుంది. రెండో మోకాలి మీద చెంబు ఆనించి, చెయ్యి పొదుగు మీద వేసింది. పిల్ల గుటకలు వినిపిస్తున్నాయి. చెంబులో ఏమీ పడలేదు. ఇంకా పడలేదు. సగిన్‌బాయ్ నా చెయ్యి పట్టుకున్నాడు. ఎముకలు విరిగేట్టు పట్టుకున్నాడు.

రేకు చెంబు అడుగున సర్రుమంది.

మళ్ళీ. మళ్ళీ. తర్వాత ఆగకుండా.

"చేపింది మరిదీ" అంది వదిన, తల గుర్రం పొట్టకి ఆనించి. "చేపింది!"